‘ఆల్టర్’ అంటే ముసలాడా, మామా? జర్మన్‌లో మగవాళ్ల వయసు మాటల గురించి

తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు. గోడౌన్‌లో నీతో పార్ట్‌టైం చేసే కుర్రాళ్లు 24 ఏళ్ల నిన్ను మాటకు ముందోసారి, మాటయ్యాక ఓసారి ‘ఆల్టా’ అంటున్నారు, డిక్షనరీ తీస్తే ‘ముసలివాడు’ అని ఉంది, వెక్కిరిస్తున్నారా అని మొదటిది. మీ ఫోర్‌మ్యాన్‌ని అందరూ ‘డేర్ ఆల్టె’ అంటున్నారు, నేనూ అనొచ్చా అని రెండోది. 58 ఏళ్ల సహోద్యోగిని సరదాకి ‘ఓపా’, అంటే తాత అన్నాను, ఆయన ఆ రోజంతా ముభావంగా ఉన్నాడు, ఇప్పుడేం చెయ్యాలి అని మూడోది.

ముందు టెన్షన్ తగ్గించుకో. మొదటిది వెక్కిరింపు కాదు, నిన్ను తమలో కలుపుకున్నారని. రెండోది ఆయన వెనక అంటే ఎవరూ పట్టించుకోరు, ముఖం మీద అంటే బాగోదు. మూడోదానికి సారీ చెప్పాలి, ఎలా చెప్పాలో చివర్లో రాస్తాను. ఈలోగా ఈ మాటల సంగతంతా కాస్త విడమరిచి చెప్తాను, ఎందుకంటే ఇక్కడికి, జర్మనీకి వచ్చే మన పిల్లలు చాలామంది బీ1, బీ2 అని జర్మన్ భాష సర్టిఫికెట్లు చేతిలో పెట్టుకుని కూడా సరిగ్గా ఇక్కడే తడబడతారు. క్లాసులో ‘మాన్’ (మగాడు), ‘యుంగె’ (అబ్బాయి), ‘హెర్’ (గారు) నేర్పి వదిలేస్తారు. షాప్‌ఫ్లోర్‌లో, ట్రామ్‌లో, బీరు బల్ల దగ్గర వినపడేవి వేరే.

ఆల్టర్ సంగతి. రాయడం ఆల్టర్ అనే రాస్తారు, పలికేటప్పుడు చివరి ‘ర్’ మింగేసి ఆల్టా అంటారు. మన హైదరాబాద్ కుర్రాళ్లు ఒకర్నొకరు ‘మామా’ అని పిలుచుకుంటే వాళ్లలో ఎవడూ ఎవడికీ మేనమామ కాడు కదా, ఇదీ అంతే. వయసుతో దానికి ఏ సంబంధమూ మిగల్లేదు. ఇప్పుడు అమ్మాయిలు కూడా తమలో తాము ఆల్టా అనుకుంటారు, వ్యాకరణం ప్రకారం అది పుంలింగమైనా సరే. పిలుపుగానే కాదు, ఆశ్చర్యానికీ అదే. ఎవడైనా ఫోన్‌లో కరెంటు బిల్లు చూసి ‘ఆ...ల్టా’ అని సాగదీశాడంటే అది మన ‘ఓరి నాయనో’. పొట్టిగా, గొంతు తగ్గించి ‘ఆల్టా.’ అని ఆపేశాడంటే మాత్రం ‘ఇక చాలు, ఆపెయ్’ అని. ‘ఆల్టా, వాస్ జోల్ దాస్?’ అన్నాడంటే చిరాకొచ్చింది, ‘ఏంట్రా ఇది’ అంటున్నాడు. మాట ఒకటే, మనిషి ఏ మూడ్‌లో ఉన్నాడో గొంతును బట్టి పట్టుకోవాలి.

ఊరు మారితే మాటా మారుతుంది. వియన్నా వెళ్తే ఇదే ‘ఓయ్‌డా’ అవుతుంది, అక్కడ అది లేకుండా వాక్యం పూర్తవదన్నట్టు వాడతారు. హాంబుర్గ్ వైపు ‘డిగ్గా’ ఉంది, అది ‘డిక్కర్’ నుంచి వచ్చింది, అంటే అక్షరాలా ‘లావుపాటోడా’ అని, కానీ బక్కపల్చని వాణ్ని కూడా అలాగే పిలుస్తారు. ర్యాప్ పాటల పుణ్యమా అని ఇప్పుడు డిగ్గా మ్యూనిక్ దాకా పాకింది. ఓ చిన్న హెచ్చరిక: ఫారాల్లో ‘ఆల్టర్’ అని గడి కనపడితే అక్కడ ఎవరూ నిన్ను మామా అని పిలవట్లేదు, అది వేరే మాట, ‘వయసు’ అని అర్థం, 24 అని రాసెయ్.

ఎవరితో అనొచ్చు అన్నదానికి నేను అందరికీ చెప్పే కొలత ఒకటే. నువ్వు ‘డూ’ (నువ్వు) అని పిలిచేవాళ్లతోనే ఈ మాటలు, ‘జీ’ (మీరు) అనేవాళ్లతో ఒక్కటి కూడా వద్దు. డూ ఉన్నంత మాత్రాన లైసెన్స్ వచ్చినట్టు కూడా కాదు. ఈ మధ్య చాలా కంపెనీల్లో మేనేజర్‌తో సహా అందరూ డూనే, అలాగని మేనేజర్‌ని ఆల్టా అనవు కదా. వాళ్లు నిన్ను ముందు అనాలి, నువ్వు కొన్నాళ్లు విని, తర్వాత అనాలి. మొదటి వారంలోనే జర్మన్ కుర్రాడికంటే ఎక్కువగా ఆల్టా, డిగ్గా అనే విదేశీ స్టూడెంట్ ఎలా కనపడతాడంటే, తెలుగు నేర్చుకుంటున్న జర్మన్ ఒకడు అమీర్‌పేటలో దిగీదిగగానే ప్రతి ఆటోవాలానీ ‘ఏం మామా’ అంటే మనకెలా ఉంటుందో అలా.

ఇక రెండో ప్రశ్న. ఆల్టర్‌కి ముందు ఏ ముక్క చేరిందో చూసుకోవాలి, అసలు కథంతా అక్కడే ఉంది. ‘మైన్ ఆల్టర్’ అంటే, చెప్పేది కుర్రాడైతే మా నాన్న, చెప్పేది ఆవిడైతే మా ఆయన, రెండూ కాస్త మోటుగానే. మన పల్లెల్లో పెద్దావిడ ‘మా ముసలోడు ఇంకా పొలం నుంచి రాలేదు’ అన్నప్పుడు ఉండే విసుగూ ప్రేమా రెండూ అందులో ఉంటాయి. బెర్లిన్‌లో, ఉత్తరాదిన అదే ‘మైన్ ఓలర్’ అవుతుంది. వాళ్లకో సామెత కూడా ఉంది, ‘యే ఓలర్, యే డోలర్’, ఎంత ముదిరితే అంత వెర్రి అని, ఎనభయ్యో పడిలో పెళ్లి డాన్సు ఇరగదీసే తాతల గురించి అంటారు. ‘మైన్ ఆల్టర్ హెర్’ అంటే మళ్లీ నాన్నే, కానీ కొంచెం పాతకాలపు మర్యాదతో. అదే ఆడవాళ్ల విషయంలో ‘మైనె ఆల్టె’ అన్నావా, అది ముతక మాట, భార్యనైనా గర్ల్‌ఫ్రెండ్‌నైనా అలా అనకు, ఎవరు అంటున్నా నవ్వకు.

‘డేర్ ఆల్టె’ అంటే అక్కడ ఎవరు పెద్దో ఆయన. ఫ్యాక్టరీలో బాస్, ఓడలో కెప్టెన్. మనం ‘పెద్దాయన వచ్చాడా?’ అని గుసగుసగా అడిగినట్టు. వయసు నలభై ఉన్నా పెద్దాయనే. జర్మనీ మొత్తానికీ ఒకప్పుడు ఇలాంటి ఆల్టె ఒకాయన ఉండేవాడు, కోన్రాడ్ ఆడెనావర్. 1876లో పుట్టాడు, 1949లో పశ్చిమ జర్మనీకి మొదటి ఛాన్సలర్ అయ్యేటప్పటికే 73 ఏళ్లు, దిగిపోయింది 1963లో, 87 ఏళ్లకి. దేశం మొత్తం ఆయన్ని డేర్ ఆల్టె అనే అనేది, అందులో తిట్టు లేదు, కాస్త భయం, కాస్త భక్తి, ‘ఈయన ఇంకా దిగడేంట్రా’ అనే నసుగుడు కూడా కాస్త. అంతకుముందు ప్రష్యా అనే పాత జర్మన్ రాజ్యానికి రాజు, రెండో ఫ్రీడ్రిష్, 1712లో పుట్టి 1786లో పోయినవాడు, ఆయన్ని ఈనాటికీ ‘డేర్ ఆల్టె ఫ్రిట్స్’ అనే అంటారు. చూశావా, మూడో మనిషి గురించి చెప్పుకునేటప్పుడు అది హోదా. ఎదురుగా నిలబడి ‘నా, ఆల్టర్?’ అంటే హోదా పోయి మామా అయిపోతుంది. మీ ఫోర్‌మ్యాన్ దగ్గర నీకు వద్దన్నది అందుకే.

ఇదే కుటుంబంలో నీకు పనికొచ్చేవి ఇంకో రెండున్నాయి. ‘ఆల్టర్ హాజె’, ముసలి కుందేలు, అంటే ఆ పనిలో తలపండినవాడు. ఇది శుద్ధమైన మెచ్చుకోలు, ఎవరి ముందైనా అనొచ్చు, 35 ఏళ్లవాణ్ని కూడా అనొచ్చు. రెండోది ‘ఆల్టర్ ష్వేడె’, ముసలి స్వీడన్‌వాడు, ఇది పిలుపు కాదు, ‘వార్నీ!’ అన్నట్టు. 17వ శతాబ్దంలో యూరప్‌లో జరిగిన ముప్పై ఏళ్ల యుద్ధం అయిపోయాక బ్రాండెన్‌బుర్గ్ పాలకుడు అనుభవమున్న స్వీడిష్ సైనికుల్ని డ్రిల్లు నేర్పడానికి పెట్టుకున్నాడని, మాట అక్కడి నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. హాంబుర్గ్ వెళ్తే ఎల్బె నది ఒడ్డున ఇదే పేరుతో ఒక బండరాయి ఉంటుంది చూడు. 1999లో నది లోతు చేస్తుంటే బయటపడింది, బరువు 217 టన్నులు, మంచుయుగంలో హిమానీనదం స్వీడన్ నుంచి ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చింది. ముసలిదీ, స్వీడన్‌దీ, ఇంకేం పేరు పెడతారు!

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముచ్చటేసే విషయం. ‘ఐన్ ఆల్టర్ మాన్’ అంటే ముసలాయన. ‘ఐన్ ఎల్టరర్ హెర్’ అంటే, వ్యాకరణం ప్రకారం ఎల్టర్ అంటే ‘ఇంకా ముసలి’ కాబట్టి, ఆయన మొదటాయనకంటే పెద్దవాడు కావాలి. కానీ వాడుకలో ఈయన చిన్నవాడు! అరవై దాటి కొంచెం నెరిసిన పెద్దమనిషి అన్నమాట. నీకు పెద్ద వయసు మగవాళ్ల గురించి చెప్పాల్సి వస్తే కళ్లు మూసుకుని ఇదే వాడు. పోలీసుకి సాక్ష్యం చెప్పినా, డాక్టర్ దగ్గర చెప్పినా ‘ఐన్ ఎల్టరర్ హెర్’ ఎప్పుడూ తప్పు పోదు. ఇంకా కచ్చితంగా కావాలంటే జర్మన్ వాళ్లు వయసుని మూడు ముక్కలు చేస్తారు. ఆన్‌ఫాంగ్, మిట్టె, ఎండె, అంటే మొదట్లో, మధ్యలో, చివర్లో. ‘ఎండె ఫ్యున్ఫ్‌త్సిష్’ అంటే 57, 58, 59. నలభై అయిదు ప్రాంతాల్లో ఉన్న మగాడు ‘మిట్‌ఫియర్ట్సిగర్’. మనం ‘నలభై, నలభై అయిదు ఉంటాయేమో’ అని గాల్లో చెయ్యి ఊపుతామే, దానికి వాళ్ల దగ్గర ఒకే ఒక్క నామవాచకం ఉంది. పేపర్లలో అయితే అదీ లేదు, నేరుగా ‘24 ఏళ్లవాడు’ అనే అర్థం వచ్చేలా అంకె వేసేస్తారు, పోలీసు వార్త మొత్తం ఆ మనిషికి పేరు లేకుండా ఆ అంకెతోనే నడుస్తుంది.

వయసు మాటలు ఎంత జారుడుగా ఉంటాయో చెప్తా విను. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ‘ఆల్టె హెరెన్’ అని టీమ్ ఉంటుంది, ముసలి పెద్దమనుషులు అని, అందులో చేరడానికి సాధారణంగా 32 ఏళ్లు నిండితే చాలు. అదే మనిషి రాజకీయాల్లో ఉంటే 35 దాకా యువకుడే, సీడీయూ పార్టీ వాళ్ల యువజన విభాగం యుంగె ఊనియోన్‌లో సభ్యత్వం ఆ వయసు దాకా ఉంటుంది. అంటే 33 ఏళ్లవాడు శనివారం మైదానంలో ముసలాడు, సోమవారం మీటింగులో కుర్రాడు. యూనివర్సిటీ ఊళ్లలో పాతకాలపు విద్యార్థి సంఘాలు ఉంటాయి, రంగుల పట్టీలు, టోపీలు వేసుకుంటారు, వాటిలో చదువై ఉద్యోగంలో చేరిన సభ్యుణ్ని ‘ఆల్టర్ హెర్’ అంటారు, వయసు 28 అయినా సరే. ఇంకోవైపు కుటుంబ కంపెనీల్లో ‘యూనియోర్‌షెఫ్’ ఉంటాడు, చిన్న బాసు, ఆయనకి 55 నిండి బట్టతల వచ్చినా చిన్న బాసే, ఎందుకంటే వాళ్ల నాన్న ‘జేనియోర్’ ఇంకా రోజూ పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడతాడు. నేనుండే ష్టుట్‌గార్ట్ వైపు 40వ ఏటికి ‘ష్వాబెన్‌ఆల్టర్’ అని పేరు, ష్వాబియా వాళ్లకి నలభై వస్తే గానీ బుద్ధి రాదని వాళ్ల మీద వాళ్లే వేసుకున్న జోకు. కాబట్టి వయసు మాట విన్నప్పుడు ‘ఎన్నేళ్లు?’ అని లెక్క వెయ్యకు. ఎవరు, ఎవరితో, ఏ గుంపులో నిలబడి అంటున్నారో చూడు.

చిన్నవాళ్ల వైపు మాటలు తియ్యగా ఉంటాయి. బుడ్డోణ్ని ‘డ్రైకేజెహోఖ్’ అంటారు, మూడు జున్ను చక్రాలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత ఎత్తో అంత ఉన్నాడని. ‘క్నిర్ప్స్’ కూడా బుడంకాయే. అల్లరి పిడుగు ‘బెంగెల్’. అబ్బాయి అనడానికి ఉత్తరాన యుంగె, దక్షిణాన, ఆస్ట్రియాలో బూబ్. పేకముక్కల్లో జాకీని కూడా బూబె అంటారు, స్కాట్ ఆటలో నలుగురు బూబెలే అన్నిటికంటే పెద్ద తురుపులు. యుంగె బహువచనం పుస్తకంలో యుంగెన్, నోట్లో ‘యుంగ్స్’. ఈ యుంగ్స్‌కి వయసు పరిమితి లేదు, యాభై ఏళ్ల మగాళ్లు నలుగురు కలిసి బీరు తాగుతున్నా యుంగ్సే.

పని దగ్గర మాత్రం కుర్రతనం తక్కువ చూపే. అప్రెంటిస్ కుర్రాణ్ని పాత వర్క్‌షాపుల్లో ‘ష్టిఫ్ట్’ అంటారు, చిన్న మేకు ముక్క. కొత్తగా చేరి అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాడు ‘గ్ర్యూన్‌ష్నాబెల్’, పచ్చముక్కువాడు, మన పిల్లకాకే. ‘మిల్ష్‌బూబి’ అంటే ఇంకా పాలు తాగే బాబు, ఇది గడ్డం సరిగా రాని కుర్రాణ్ని ఏడిపించడానికి. ‘హాల్ప్‌ష్టార్కె’ అని ఒకటుంది, సగం బలం వచ్చినవాడు, 1950ల్లో తోలు జాకెట్లు, మోపెడ్లు, రాక్ సంగీతంతో వీధుల్లో తిరిగిన కుర్రాళ్లకి పత్రికలు ఆ పేరే పెట్టేవి. 1958లో బెర్లిన్ ష్పోర్ట్‌పాలాస్ట్ హాల్లో అమెరికన్ రాక్ గాయకుడు బిల్ హేలీ కచేరీలో వాళ్లు కుర్చీలు విరగ్గొట్టాక దేశమంతా అదే మాట. ఇప్పుడు తాతలు తప్ప ఎవరూ అనరు.

ఒకదాని దగ్గర మాత్రం జాగ్రత్త. జర్మన్‌లో చివర ‘ఖెన్’, ‘షెన్’ లాంటిది తగిలిస్తే ముద్దు మాట అని క్లాసులో చెప్పి ఉంటారు. ‘ఫ్రాయింట్’ అంటే ఫ్రెండ్ కాబట్టి ‘ఫ్రాయింట్షెన్’ అంటే బుజ్జి ఫ్రెండ్ అనుకుంటావు. కాదు. నీకంటే పెద్దవాడు వేలు చూపించి ‘పాస్ ఆవుఫ్, ఫ్రాయింట్షెన్’ అన్నాడంటే ‘ఒళ్లు దగ్గర పెట్టుకో, బాబూ’ అని. ‘బ్యుర్షెన్’ కూడా అంతే. అది విన్నాక జోకు వెయ్యకు, నవ్వకు, అక్కడితో ఆగు. పనిలో పనిగా, ‘మైన్ ఫ్రాయింట్’ అంటే బాయ్‌ఫ్రెండ్ అనుకుంటారు, రూమ్మేట్ గురించి చెప్పాలంటే ‘ఐన్ ఫ్రాయింట్ ఫొన్ మియర్’, నా ఫ్రెండ్స్‌లో ఒకడు అను, మనవాళ్లు చాలామంది దీన్ని పట్టించుకోరు.

ఇప్పుడు అసలు తంటా తెచ్చే వైపుకి వద్దాం. ‘ఆల్టర్ జాక్’, ముసలి సంచి. ‘ఆల్టర్ క్నాకర్’. చేతులు వణికే ముసలి ‘టాటర్‌గ్రైస్’. కుర్రవాళ్లలా బట్టలేసుకుని వాళ్ల మాటలు మాట్లాడే యాభై ఏళ్లాయన ‘బెరూఫ్స్‌యూగెంట్లిషర్’, అంటే యువకుడిగా ఉండటమే వృత్తిగా పెట్టుకున్నవాడు. ఈ చివరిది తెలివైన దెబ్బ, నాకు ఇష్టమే, కానీ దెబ్బ దెబ్బే. ఇవన్నీ ఆ వయసు మగవాళ్లు తమ గురించి తాము ధారాళంగా అనుకుంటారు. ‘నేనిప్పుడు ముసలి సంచిని, నాతో మూడో అంతస్తుకి పెట్టెలు మోయించకండి’ అని ఆయన నవ్వుతూ అంటాడు, నువ్వు నవ్వొచ్చు, అవునండీ అని మాత్రం అనకూడదు. ఆయనే మర్యాదగా చెప్పాలంటే ‘నిష్ట్ మేర్ డేర్ యుంగ్‌స్టె’ అంటాడు, అందరికంటే చిన్నవాణ్ని కాను ఇక అని. కోపంలో ఎదుటివాణ్ని అన్నావా, అది మాటల గొడవతో ఆగదు, జర్మన్ శిక్షాస్మృతి 185వ సెక్షన్ ప్రకారం అవమానించడం నేరం, జరిమానా గానీ ఏడాది దాకా జైలు గానీ పడొచ్చు. రోడ్డు మీద కార్ల దగ్గర జరిగే తగాదాలు ఇలాగే స్టేషన్‌కి వెళ్తుంటాయి. నీ వీసా కాగితాలు నడుస్తున్నప్పుడు ఇలాంటి తలనొప్పి అక్కర్లేదు.

ఓపా సంగతి. ఓపా అంటే తాత, ఇంట్లో అది ముద్దు పిలుపు, మనవళ్లు ఓపా, ఓపీ అని మీద పడతారు. మనకి ఇక్కడే పొరపాటు జరుగుతుంది. మనం రోడ్డు మీద కనపడ్డ ప్రతి పెద్ద మగాణ్నీ తాతగారూ, బాబాయ్, అంకుల్, అన్నా అని ఏదో ఒక చుట్టరికంలోకి లాక్కుంటాం, అది మర్యాద. ఇక్కడ ఆ దారి లేదు. బయటివాణ్ని ఓపా అనడమంటే చుట్టరికం కలపడం కాదు, ‘నీ పనైపోయింది, పక్కకి జరుగు’ అనడం. సిగ్నల్ దగ్గర నెమ్మదిగా వెళ్లే కారు మీద అరిచే మాట అది. పైగా మీ సహోద్యోగికి 58. రిటైర్మెంట్ 67కి, అది 1964లో, ఆ తర్వాత పుట్టినవాళ్లందరికీ. అంటే ఇంకా తొమ్మిదేళ్లు పని చెయ్యాలి, మోకాళ్లు నొప్పులు మొదలై ఉంటాయి, పైవాళ్లు కుర్రాళ్లని తీసుకుంటారేమోనని లోపల బెంగ. పనికిరాని పాత ఇనుములో పడేశారు అని ఇక్కడో నుడికారం ఉంది, యాభై దాటిన ఉద్యోగులు దాన్ని జోక్‌గా అనరు. ఆయన ముభావం ఓపా అన్న రెండు అక్షరాలకే అనుకోకు.

పోనీ ఆయన్ని ఏమని పిలవాలి? డూ ఉంటే ఇంటిపేరు కాదు, అసలు పేరే, ఒట్టి పేరు. మనకి నోరు రాదు, నాన్న వయసు ఆయన్ని పేరు పెట్టి ఎలా పిలుస్తామని. అలవాటు చేసుకో, అదే ఇక్కడ మర్యాద. జీ ఉంటే హెర్, ఆ తర్వాత ఇంటిపేరు. ఎప్పుడైనా గమనించావో లేదో, కూరగాయల బండి దగ్గర అమ్మే ఆవిడ డెబ్భై ఏళ్లాయన్ని ‘నా, యుంగర్ మాన్, వాస్ డార్ఫ్స్ జైన్?’ అంటుంది, ఏం కావాలి కుర్రాడా అని. ఆయన మురిసిపోతాడు. వయసు తగ్గించి పిలిస్తే చెల్లుతుంది, పెంచి పిలిస్తే చెల్లదు. కానీ ఆ యుంగర్ మాన్ కూడా నువ్వు వాడకు, అది ఆవిడ వయసుకీ ఆ నోటికీ సరిపోయింది.

సారీ అందరి ముందు చెప్పకు, పొడుగ్గా చెప్పకు. బ్రేక్‌లో ఆయన కాఫీ మెషిన్ దగ్గర ఒక్కడే ఉన్నప్పుడు వెళ్లి ‘దాస్ మిట్ డేమ్ ఓపా వార్ నిష్ట్ ఓకే. టూట్ మియర్ లైట్.’ అను, ఓపా అన్నది బాగోలేదు, సారీ అని, అంతే. మా దేశంలో తాత అంటే గౌరవం అని వివరణ మొదలుపెట్టకు, సంజాయిషీలా ఉంటుంది, ఆయనే అడిగితే అప్పుడు చెప్పు. బహుశా ‘పాస్ట్ షోన్’ అంటాడు, సరేలే అని, చెయ్యి ఊపి పనికి వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఆయనే ఎప్పుడైనా నిన్ను గ్ర్యూన్‌ష్నాబెల్ అన్నాడనుకో, పడు. అయినా తిరిగి ఓపా మాత్రం అనకు.